కోన్యాకు టికెట్ తీసే ముందు

మా అన్నయ్య కొడుకు దుబాయ్‌లో ఉంటాడు. ఎడారి సఫారీకి వెళ్లిన రాత్రి నాకొక వీడియో పంపాడు. గొడుగులా విచ్చుకున్న రంగుల పావడా, దాని అంచు పొడవునా మినుకుమనే లైట్లు, మధ్యలో ఒకాయన బొంగరంలా తిరుగుతున్నాడు. "బాబాయ్, నువ్వెప్పుడూ చెప్పే రూమీ డాన్స్ ఇదేగా?" అని కింద మెసేజ్.

ఇది కాదు. దాన్ని తనూరా అంటారు, ఈజిప్టు జానపద నృత్యం. దాని మూలాలు సూఫీలవే అయినా ఇప్పుడు ఎక్కువగా వేడుక కోసమే ఆడతారు. కైరోలో వికాలత్ అల్ ఘూరీ అనే పాతకాలపు వర్తకుల సత్రంలో ఆడే తనూరా బాగుంటుంది కూడా. కానీ దాన్ని చూసి రూమీ సంప్రదాయం చూశాననుకుంటే, రికార్డింగ్ డాన్స్ చూసి కూచిపూడి చూశాననుకున్నట్టే.

వాడు అంతటితో వదల్లేదు. టర్కీ వెళ్దామనుకుంటున్నారట. 13వ శతాబ్దపు పారశీక సూఫీ కవి రూమీ సమాధి ఉన్న కోన్యా దాకా వెళ్లాలా, ఇస్తాంబుల్‌లోనే చూసేయొచ్చా? ముందు ఏదైనా పుస్తకం చదవాలా? మన హైదరాబాద్‌లో ఇలాంటిదేమీ లేదా? వాడికి వాట్సాప్‌లో మొదలుపెట్టిన జవాబు పెరిగి పెరిగి ఇదిగో, ఇంతయింది.

చెవి ముందు

రూమీ బాటలో నడిచే సూఫీ శాఖ మెవ్లెవీ. ఆ శాఖ సాధువులు, అంటే దర్వేషులు, తిరిగే క్రతువుని టర్కీలో సెమా అంటారు. అరబ్బీ మూలంలో సమా అంటే వినడం, తిరగడం కాదు. రూమీ పెద్ద కావ్యం మస్నవీలో మొట్టమొదటి మాట కూడా అదే. "బిష్నవ్ ఈన్ నయ్ చూన్ షికాయత్ మీకునద్, అజ్ జుదాయీహా హికాయత్ మీకునద్." ఈ వేణువు ఎలా మొరపెట్టుకుంటోందో విను, ఎడబాటుల కథ చెబుతోంది. హిందీ పాటలు వినేవాళ్లకి షికాయత్, జుదాయి కొత్త మాటలేమీ కావు. రెల్లుపొద నుంచి కోసి తెచ్చిన గొట్టం, ఆ పొదని తలుచుకుని ఏడవడమే దాని పాట. అక్కడ మొదలైన గ్రంథం ఆరు సంపుటాలు, సుమారు 25 వేల ద్విపదల దాకా సాగుతుంది.

కాబట్టి నన్నడిగితే వరుస ఇదీ: ముందు చెవి, తర్వాత పుస్తకం, ఆ తర్వాత కన్ను. కాళ్లు అన్నిటికన్నా చివర. చాలామంది సరిగ్గా తిరగేసి చేస్తారు. ఇస్తాంబుల్‌లో తెల్ల పావడాలు చూసి, ఫొటోలు తీసుకుని, ఇంటికొచ్చాక రూమీ కొటేషన్ ఒకటి స్టేటస్‌లో పెట్టి, అక్కడితో ఆపేస్తారు.

వినడానికి విమానం ఎక్కక్కర్లేదు. సమా మన దేశంలో చిష్తీ అనే శాఖ సూఫీల చేతిలో ఖవాలీ అయింది. ఇక్కడ తిరగడం లేదు, తెల్ల పావడా లేదు. పాట ఉంది, పాటకి ఒళ్లు మరిచే 'హాల్' ఉంది. ఢిల్లీ మెహ్రౌలీలో ఉన్న ఖుత్బుద్దీన్ బఖ్తియార్ కాకీ 1235లో ఒక పారశీక ద్విపద విని పరవశుడై, ఆ మైకంలోనే కొన్ని రోజులకి ప్రాణం విడిచాడని చిష్తీలు చెప్పుకుంటారు. సమర్పణ అనే కత్తికి బలైన వాళ్లకి అదృశ్య లోకం నుంచి క్షణక్షణం కొత్త ప్రాణం వస్తుంది అని దాని భావం. ఒక పద్యం మనిషిని చంపగలదని నమ్మిన సంప్రదాయం ఇది.

ఢిల్లీ నిజాముద్దీన్ దర్గాకి గురువారం సాయంత్రం వెళ్తే గురుశిష్యులిద్దరి సమాధులూ ఒకే ఆవరణలో ఉంటాయి, నిజాముద్దీన్ ఔలియా, అమీర్ ఖుస్రో. ఇద్దరూ 1325లోనే పోయారు. పాట ఖుస్రోది, వినేవాడు ఔలియా, మధ్యలో మనం నేల మీద. ఆడవాళ్లకి సమాధి గది లోపలికి ప్రవేశం లేదు, ముంగిట్లో కూర్చుని వినొచ్చు. జనం ఎక్కువ, తోపులాట ఎక్కువ, చెప్పుల దగ్గరా పూల దగ్గరా బేరాలు ఎక్కువ. అది నచ్చనివాళ్లకి మన నాంపల్లి యూసుఫైన్ దర్గాయే మేలు. యూసుఫైన్ అంటే అరబ్బీలో ఇద్దరు యూసుఫ్‌లు. నిజానికి అక్కడున్నవాళ్లు యూసుఫ్, షరీఫ్ అనే ఇద్దరు చిష్తీలు, ఔరంగజేబు సైన్యంతో పాటు దక్కనుకి వచ్చినవాళ్లు. ఉరుసు రోజుల్లో వెళితే ఖవాలీ దొరుకుతుంది. రాయలసీమ వాళ్లకి కడప అమీన్ పీర్ దర్గా ఉరుసు ఉండనే ఉంది.

స్టూడియోలో రికార్డు చేసిన ఖవాలీ చాలదా అని అడుగుతారు. అలవాటు పడడానికి చాలు. కానీ దర్గాలో ఖవాలు ఎదురుగా కూర్చున్న మనిషి ముఖం చూస్తూ పాడతాడు. ఎవరికైనా ఒక చరణం గుచ్చుకుందని గమనిస్తే దాన్నే పదిసార్లు, ఇరవైసార్లు తిప్పి తిప్పి అంటాడు. ఆ బేరం హెడ్‌ఫోన్స్‌లో కుదరదు.

ఏ కవితో మొదలుపెట్టాలి

నలుగురి పేర్లు వినిపిస్తాయి: అత్తార్, రూమీ, హాఫిజ్, ఉమర్ ఖయ్యాం. ఖయ్యాం సంగతి ముందు తేల్చేద్దాం. ఆయన గణితవేత్త, ఖగోళవేత్త. ఆయన్ని సూఫీ అనాలా వద్దా అన్న వాదం ఎన్నాళ్లైనా తేలదు. కానీ తెలుగువాళ్లకి ఆయనతో ఒక సౌకర్యం ఉంది. దువ్వూరి రామిరెడ్డి పారశీకం నేర్చుకుని ఆయన రుబాయీలని, అంటే నాలుగు పాదాల పద్యాలని, పానశాలగా తెలుగులోకి తెచ్చాడు. ఇంగ్లీషు మీదుగా కాకుండా పారశీక రుచి చూడాలంటే అదే దగ్గరి దారి. ఆ భాష చెవికి ఎలా తగులుతుందో తెలుస్తుంది, సూఫీ మార్గం మాత్రం తెలియదు.

మొదటి పుస్తకంగా నేను అత్తార్‌నే చెబుతాను. నిషాపూరు వాడు, మంగోలుల దాడుల కాలంలో పోయాడు. ఆయన 'మంతిఖ్ ఉత్ తైర్' అచ్చంగా పిట్టల కథ. పక్షులన్నీ తమ రాజు సీముర్గ్‌ని వెతుక్కుంటూ కూకుడుగువ్వ వెంట బయలుదేరతాయి. బయలుదేరే ముందే ఒక్కొక్కటీ ఒక్కో సాకు చెబుతుంది. బుల్‌బుల్ పిట్టకి గులాబీని వదిలి రాబుద్ధి కాదు, బాతుకి నీళ్లు వదలబుద్ధి కాదు. ఏడు లోయలు దాటాలి: అన్వేషణ, ప్రేమ, జ్ఞానం, వైరాగ్యం, ఏకత్వం, విస్మయం, చివరికి పేదరికమూ తాను లేకుండా పోవడమూ. చేరేవి ముప్పయ్యే. పారశీకంలో సీ అంటే ముప్పై, ముర్గ్ అంటే పక్షి. అక్కడికి వెళ్లాక వాటికి కనిపించేది ఏమిటో ఈ పాటికి మీకు అర్థమై ఉంటుంది. కథకి మొదలూ చివరా ఉన్నాయి, సూఫీ మాటల పట్టిక మొత్తం అందులోనే వచ్చేస్తుంది. ఇంగ్లీషులో అఫ్కామ్ దర్బందీ, డిక్ డేవిస్ కలిసి 1984లో చేసిన పద్యానువాదం ఇప్పటికీ హాయిగా చదివిస్తుంది.

రూమీ మస్నవీ అలా కాదు. అది పిట్టకథల గ్రంథం. హరికథ చెప్పే దాసుగారు రుక్మిణీ కల్యాణం మొదలుపెట్టి, మధ్యలో ఎదురింటి కరణంగారి కథకి పోయి, అందులోంచి ఇంకో కథకి జారి, అరగంట తర్వాత "ఇంతకీ రుక్మిణి..." అని వెనక్కి వస్తాడే, రూమీది సరిగ్గా ఆ పద్ధతి. ఒక్కోసారి వెనక్కి రాడు కూడా. మస్నవీ అన్నది ఛందస్సు తీరుని బట్టి వచ్చిన పేరు. ప్రతి రెండు పాదాలకీ వాటి ప్రాస వాటిదే, అందుకే కథ ఎంతైనా సాగుతుంది. శివభక్తుల కథలు జనానికి చెప్పడానికి పాల్కురికి సోమనాథుడు ద్విపదని పట్టుకున్నట్టే.

సోమనాథుడి పేరు ఊరికే ఎత్తలేదు. మస్నవీ రెండో సంపుటంలో మూసా (మోషే) ప్రవక్త, గొర్రెల కాపరి కథ ఉంది. ఆ కాపరి దేవుడితో మాట్లాడుతుంటాడు: నువ్వెక్కడున్నావో చెప్పు, నీ చెప్పులు కుడతాను, తల దువ్వుతాను, పేలు చూస్తాను, పాలు తెచ్చిస్తాను అని. మూసా విని మండిపడతాడు. దేవుడికి తల ఏమిటి, పాలేమిటి అని తిడతాడు. కాపరి సిగ్గుతో ఎడారిలోకి వెళ్లిపోతాడు. అప్పుడు దేవుడు మూసానే మందలిస్తాడు: నిన్ను కలపడానికి పంపానా, విడదీయడానికా అని. ఇది చదవగానే బసవపురాణంలో బెజ్జమహాదేవి గుర్తు రాని తెలుగువాడు ఉంటాడా? శివుడికి తల్లి లేదు పాపం అని తానే తల్లయి, స్నానం చేయించి, కాటుక పెట్టి, పాలు పట్టిన ఆవిడ. కన్నప్ప అయితే ఇక చెప్పనే అక్కర్లేదు. మనకి మస్నవీ పరాయిగా అనిపించకపోవడానికి ఇలాంటి కారణాలు చాలా ఉన్నాయి. అందులో హిందుస్థాన్‌కి పోయే వర్తకుడూ, పంజరంలో చిలకా ఉన్న కథ కూడా ఉంది, మొదటి సంపుటంలో. దాన్ని ఇక్కడ చెప్పేస్తే చదివే సరదా పోతుంది.

రూమీదే ఇంకో పెద్ద రచన దీవాన్-ఎ-షమ్స్, 3 వేలకు పైగా గజళ్లు. 1244లో కోన్యాలో షమ్స్ తబ్రేజీ అనే సంచారి ఎదురుపడకముందు రూమీ ఒక పేరున్న మత పండితుడు, అంతే. షమ్స్ వచ్చాడు, ఒకసారి వెళ్లాడు, తిరిగొచ్చాడు, 1248 ప్రాంతంలో మళ్లీ కనిపించలేదు. ఆ వెతుకులాట అంతా గజళ్లయింది. చాలా గజళ్ల చివర సంతకం రూమీది కాదు, షమ్స్ పేరు. మస్నవీ తాపీగా కూర్చుని చెప్పిన మనిషిది. దీవాన్ అలా కూర్చోలేని మనిషిది.

ఇక్కడ మన మాటలే రెండు పనికొస్తాయి. తెలంగాణలో "మస్తుగుంది" అంటాం. పారశీకంలో మస్త్ అంటే మత్తెక్కినవాడు. "హుషారుగా ఉన్నాడు" అంటాం. హుష్యార్ అంటే తెలివిలో ఉన్నవాడు, మత్తు లేనివాడు. సూఫీల మధ్య అసలు తగాదా ఈ రెండింటిదే. దేవుడి మత్తులో ఒళ్లు తెలియకుండా మాట్లాడిన బిస్తామ్‌ బాయజీద్ ఒక వైపు, ఎంత లోతుకు పోయినా తెలివి తప్పకూడదన్న బాగ్దాద్ జునైద్ ఇంకో వైపు. దీవాన్ మస్తు, మస్నవీ హుషారు. మీ తత్వం ఎటు మొగ్గుతుందో చూసుకుని ఎంచుకోండి. నా ఓటు మస్నవీకి, అదీ అత్తార్ తర్వాతే.

హాఫిజ్‌ని మాత్రం ఆఖరికి దాచుకోమంటాను. షిరాజ్ వాడు, 14వ శతాబ్దం. ఒక్కో ద్విపదా విడి ముత్యం, గజల్ అంతా కలిపి ఒక కథ చెప్పదు. అందులో మద్యం మద్యమేనా, దైవమా? ఈ ప్రశ్నకి జవాబు చెప్పేవాళ్లని నమ్మకండి. క్షేత్రయ్య పదం శృంగారమా భక్తా అని అడిగితే ఏం చెబుతాం? ఇరానీలు ఇప్పటికీ ఆయన దీవాన్‌ని తెరిచి ఫాల్, అంటే శకునం, చూసుకుంటారు, మనం పంచాంగం చూసుకున్నంత మామూలుగా. దక్కను బహమనీ సుల్తాను ఆయన్ని ఆహ్వానిస్తే హోర్ముజ్ దాకా వచ్చి, తుఫాను చూసి భయపడి, ఓ గజల్ రాసిచ్చి వెనక్కి తిరిగాడని ఫరిష్తా తన చరిత్రలో రాశాడు. ఆ గాలి కాస్త తగ్గి ఉంటే ఆయన గుల్బర్గా దాకా వచ్చేవాడేమో.

అనువాదాల దగ్గర జాగ్రత్త

రూమీకి తెలుగు పాఠకుల్లో ఎక్కువమంది ఇంగ్లీషు మీదుగానే వెళ్తారు. అక్కడ రెండు దారులున్నాయి. కోల్మన్ బార్క్స్ పుస్తకాలు బాగా అమ్ముడుపోయాయి. ఆయనకి పారశీకం రాదు, ఆ మాట ఆయనే దాచకుండా చెప్పాడు. పాత ఇంగ్లీషు అనువాదాలని తీసుకుని అమెరికన్ వచన కవిత్వంలా తిరగరాశాడు. చదవడానికి బాగుంటాయి. కానీ ఖురాన్, ప్రవక్త, నమాజు చాలాచోట్ల జారిపోయి, ఎవరో మోటివేషన్ స్పీకర్‌లా తయారవుతాడు రూమీ. ఇది నాకు మింగుడుపడదు. అన్నమయ్య కీర్తనలోంచి వెంకటేశ్వరుణ్ణి తీసేసి 'ప్రేమ' అని రాస్తే మనం ఊరుకుంటామా?

రెండో దారిలో ఆర్. ఏ. నికల్సన్ ఉన్నాడు. 1925 నుంచి 1940 దాకా మస్నవీ మూలం, అనువాదం, వ్యాఖ్యానం ఎనిమిది సంపుటాల్లో తెచ్చిన పండితుడు. నమ్మకానికి ఆయన్ని మించినవాడు లేడు, చదివించే గుణం మాత్రం తక్కువ. పైగా రూమీ మొహమాటం లేకుండా బూతు కథలు చెప్పినచోట ఈయన ఇంగ్లీషు వదిలి లాటిన్‌లో దాక్కున్నాడు! ఈ రెండింటికీ మధ్యన జావిద్ ముజద్దిదీ అనువాదం ఉంది. 2004 నుంచి ఒక్కో సంపుటంగా వచ్చింది, పద్యంగా సాగుతుంది, మూలాన్ని వదలదు. మొదటి సంపుటం ఒక్కటి కొనండి. మిగతావి దాన్ని పూర్తి చేశాకే. కొనేసి అలమరలో పెట్టిన మస్నవీలు నాకు చాలా తెలుసు.

ఇక ఫేస్‌బుక్‌లో తిరిగే వాటి సంగతి. "రా, రా, నువ్వెవరైనా రా" అనే పద్యం రూమీ పేరుతో ప్రపంచమంతా తిరుగుతోంది. అది రూమీ కన్నా ముందునాటిది, అబూ సయీద్ అబుల్ ఖైర్ పేరుతో ఉన్న రుబాయీ. హాఫిజ్ పేరుతో ఇంగ్లీషులో వచ్చే తియ్యటి చిన్న కవితల్లో చాలావాటికి పారశీక మూలమే లేదు. కవిత కింద ఏ గ్రంథం, ఎన్నో సంపుటం, ఎన్నో ద్విపద అని లేకపోతే ఫార్వర్డ్ చేయకండి.

కోన్యానా, ఇస్తాంబులా

సెమా చూడబోయే ముందు ఒక పొరపాటు భావం తీసేయాలి. ఇది పూనకం కాదు. జాతరలో శివమెత్తినట్టు ఉంటుందని అనుకుని వెళ్తే నిరాశే. అంతా కొలత ప్రకారం జరుగుతుంది. ముందు ప్రవక్తని స్తుతించే నాత్, 17వ శతాబ్దపు స్వరకర్త ఇత్రీ కట్టిన బాణీ. తర్వాత కుదూమ్ అనే జంట నగారాల దెబ్బ, నయ్ అనే వేణువు ఆలాపన. దర్వేషులు మైదానం చుట్టూ నెమ్మదిగా మూడు ప్రదక్షిణలు చేస్తారు, ఒకరికొకరు తలవంచి నమస్కరిస్తారు. నల్ల పైవస్త్రం తీసేస్తారు, అది సమాధి. లోపలి తెల్ల పావడా కఫన్, శవానికి చుట్టే గుడ్డ. నెత్తిన పొడుగాటి ఉన్ని టోపీ సమాధి రాయి. చావుని ఒంటి మీద వేసుకుని తిరుగుతారన్నమాట. కుడి చేయి పైకి, ఎడమ చేయి కిందికి, అక్కడ అందుకున్నది ఇక్కడ ఇచ్చేయడానికి. ఎడమ పాదం ఇరుసు. మనం గుడిలో దేవుణ్ణి కుడివైపు ఉంచుకుని చుడితే, వీళ్లు కాబా చుట్టూ తిరిగినట్టే గుండెని లోపలివైపు ఉంచుకుని ఎడమకి తిరుగుతారు. ఇలా నాలుగు విడతలు, వాటిని సెలామ్‌లు అంటారు. నాలుగోది మళ్లీ దాసుడిగా వెనక్కి రావడం. పైకి వెళ్లి అక్కడే ఉండిపోవడం వీళ్ల లెక్కలో గొప్ప కాదు.

ఈ రూపం రూమీ కాలానిది కాదు. ఆయన బజారులో కంసాలి సలాహుద్దీన్ సుత్తి దెబ్బల లయకి తిరగడం మొదలుపెట్టాడని కథ. కట్టుదిట్టమైన క్రమం ఆయన కొడుకు సుల్తాన్ వలద్‌తో మొదలై 15వ శతాబ్దానికి స్థిరపడింది. 1925లో టర్కీ ప్రభుత్వం దర్వేషుల మఠాలన్నీ మూసేసింది. రూమీ సమాధి 1927లో మ్యూజియం అయింది. 1950లలో 'సాంస్కృతిక కార్యక్రమం'గా మాత్రమే సెమా మళ్లీ బయటికొచ్చింది. కాబట్టి కోన్యాలోది అసలు, ఇస్తాంబుల్‌లోది నకిలీ అని గీత గీయడం కుదరదు. ఎక్కడైనా కొంత ప్రదర్శనే. యునెస్కో దీన్ని తన జాబితాలో చేర్చినప్పుడే, పర్యాటకుల కోసం కుదించేస్తున్నారని కూడా రాసింది.

ఇస్తాంబుల్‌లో గలాతా మెవ్లెవీఖానా 1491 నాటి మఠం. ఎనిమిది పలకల చెక్క మందిరం, ఇప్పుడు మ్యూజియం. అక్కడ సెమా జరిగే రోజు కుదిరితే మరో ఆలోచన వద్దు. కుదరకపోతే నగరంలో రోజూ ఆడే చోట్లు చాలా ఉన్నాయి. టికెట్ కొనేముందు మూడు ప్రశ్నలు అడగండి. వాద్యగాళ్లు ఎదురుగా కూర్చుని వాయిస్తారా, రికార్డా? నాత్ నుంచి నాలుగో సెలామ్ దాకా పూర్తిగా ఉంటుందా? భోజనం వడ్డిస్తారా? మూడోదానికి అవునంటే మానేయండి. నేను తెలియక ఒకచోట డిన్నర్‌తో కలిపి టికెట్ తీసుకున్నాను. నయ్ మొదలయ్యేసరికి పక్క బల్ల మీద కబాబ్ ప్లేట్ల చప్పుడు. పావుగంట తిరిగారు, తర్వాత బెల్లీ డాన్స్. డబ్బు పోయినందుకు కాదు, ఆ తిరిగిన కుర్రాళ్ల ముఖాలు చూసి బాధేసింది.

కోన్యా ఇస్తాంబుల్ నుంచి హైస్పీడ్ రైలులో సుమారు అయిదు గంటలు. డిసెంబరు 7 నుంచి 17 వరకు ఉత్సవం. 17న రూమీ చనిపోయిన రాత్రిని షెబ్-ఎ-అరూస్, పెళ్లిరాత్రి అంటారు. 1273లో ఆ రోజు ఆయన వెతుక్కుంటున్న చోటికి వెళ్లాడని వాళ్ల లెక్క. ఆ రాత్రికి టికెట్ దొరకడం కష్టం, హోటళ్ల ధరలు మండిపోతాయి, పెద్దల ఉపన్యాసాలు వినాలి. పీఠభూమి చలి, మనవాళ్లు తట్టుకోలేరు. నేనైతే ఆ పదకొండు రోజుల్లో మొదటి రెండు మూడు రోజులు ఎంచుకుంటాను, లేదా మామూలు రోజుల్లో శనివారం సాయంత్రం సెమాకి వెళ్తాను. కోన్యా ప్రయాణంలో సగం విలువ ఆ ఆకుపచ్చ గుమ్మటం కింద సమాధి దగ్గరే ఉంది. అక్కడ పల్లెటూరి ముసలమ్మలు చేతులు చాచి గొణుక్కుంటూ నిలబడి ఉంటారు. మ్యూజియం అన్న సంగతి వాళ్లకెవరూ చెప్పినట్టు లేదు.

ఎక్కడైనా చప్పట్లు కొట్టకండి, ఫ్లాష్ వేయకండి.

నేనూ తిరగొచ్చా

ఓషో శిబిరాల్లో వర్లింగ్ అని ఒక ధ్యానం ఉంది. 45 నిమిషాలు తిరిగి, 15 నిమిషాలు నేల మీద బోర్లా పడుకోవడం. ఒంటికీ మనసుకీ అదొక అనుభవం కావచ్చు. కానీ దానికి మస్నవీ లేదు, నాత్ లేదు, మెవ్లెవీ గురువు లేడు. పాత మఠాల్లో చేరినవాడు 1001 రోజులు వంటింట్లో సేవ చేయాలి. తిరగడం నేర్పేది కూడా అక్కడే, మధ్యలో మేకు దిగ్గొట్టిన చెక్క మీద. ఎడమ కాలి బొటనవేలికీ పక్క వేలికీ మధ్య ఆ మేకు పెట్టుకుని, చెక్క మీద ఉప్పు చల్లి, రోజుకి కొన్ని చుట్లు. సరదాగా ప్రయత్నించాలంటే ఖాళీ కడుపుతో, నెమ్మదిగా, చూపు ఎడమ చేతి బొటనవేలి మీద వదులుగా ఉంచి అయిదు నిమిషాలు చాలు. బీపీ, చెవి తాలూకు తలతిరుగుడు ఉన్నవాళ్లు అసలు వద్దు.

మావాడు ఇదంతా చదివి ఒకే ప్రశ్న వేశాడు. "బాబాయ్, మాకు ఇస్తాంబుల్‌లో ఉండేది మూడు రోజులే. కోన్యా వదిలేయనా?" వదిలెయ్యరా. గలాతాకి వెళ్లు, లోపల సమాధుల దగ్గర కాసేపు కూర్చో. దుబాయ్ నుంచి హైదరాబాద్ వచ్చినప్పుడు నాంపల్లికి నేను తీసుకెళ్తా. ఈలోగా ఆ పిట్టల పుస్తకం మొదలుపెట్టు.